బెంగకి గడి లేదు

బెంగకి ఇంగ్లీషులో సరిపడే మాట లేదు. ఈ సంగతి వకుళకి తెలియదనుకుంటే పొరపాటు. తెలుగింట పుట్టి, తెలుగులో పెరిగి, మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండమీదున్న యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి అదే శాస్త్రం పాఠం చెబుతున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. తెలిసే, ఒకరోజు సాయంత్రం టీ చల్లారిపోతోందన్న తొందరలో, ఆ మాటని తీసుకెళ్ళి దానిది కాని గడిలో పడేసింది. మొదట చేసిన తప్పు అంతే. ఒకర్ని కొట్టలేదు, తిట్టలేదు, మోసం చెయ్యలేదు. అందుకే ఆ తప్పు చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి.

దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘నెమ్మది’. చూడ్డానికి ఈతకొట్టేవాళ్ళు పెట్టుకునే టోపీలా ఉంటుంది, లోపలివైపు వెండి చుక్కలుంటాయి. డిపార్టుమెంటు కింది అంతస్తులో, పాతకాలపు ఇత్తడి పరికరాలున్న అద్దాల బీరువా పక్కన దాన్ని తయారుచేశారు. తయారుచేసింది సాల్మన్ రాజు, ఫిజిక్సు చదివి ఇటు వచ్చిపడ్డ ఇంజనీరు. యంత్రం అతనిది, దాంతో మనిషిని ఏం అడగాలో, ఏం చెయ్యాలో వకుళది. పని అలా పంచుకున్నారు.

అది నిజంగా పనిచేస్తుందని వాళ్ళకి నమ్మకం కలిగింది అప్పలసూరి అనే లారీ డ్రైవరు వల్ల. అరకు ఘాటులో అతని లారీ లోయ అంచుదాకా జారి ఆగింది. ఒంటిమీద గీత కూడా పడలేదు. కానీ ఆ తరవాత స్టీరింగు ముట్టుకోలేకపోయాడు.

“ఏటి సెప్పమంటారు మేడమ్. సక్రం కళ్ళముందుకొస్తే సాలు, సేతులొణికిపోతన్నాయి,” అన్నాడు కుర్చీలో కూర్చుని, టోపీ పెట్టించుకుంటూ.

“ఆ మలుపు గుర్తుతెచ్చుకోండి. ఏమనిపిస్తోందో ఒక్క మాటలో చెప్పండి,” అంది వకుళ.

“బయ్యం.”

తెర మీద భయం గీత నిట్టనిలువుగా లేచింది. సాల్మన్ మీట నొక్కాడు. జ్ఞాపకం లోపల ఉన్నంతసేపూ గట్టిగా ఉంటుంది. బయటికి తీసినప్పుడు కాసేపు మెత్తబడుతుంది. మళ్ళీ లోపల పెట్టేలోపు దాని ఆకారం మార్చుకోవచ్చు, పిండి ఆరేలోపు వత్తుకున్నట్టు. నెమ్మది చేసే పనంతా ఆ కాసేపట్లోనే. జ్ఞాపకం జోలికి పోదు. దాన్ని అంటుకున్న భయాన్ని మాత్రం చల్లార్చి తిరిగి లోపలికి పంపిస్తుంది.

అప్పలసూరి కళ్ళు తెరిచాడు. “మలుపు కనబడతంది మేడమ్. ఉత్త మలుపే,” అన్నాడు ఆశ్చర్యపోతూ. వారం తిరక్కుండా మళ్ళీ లారీ ఎక్కాడు. ఆ రోజు వకుళ కాలు నేలమీద నిలవలేదు. ఇంతకాలం చదివిన చదువు వల్ల ఒక మనిషి చెయ్యి వణకడం ఆగిందంటే మాటలా మరి.

అయితే భయమంటే ఏమిటో, దుఃఖమంటే ఏమిటో యంత్రానికి ముందు ఎవరో చెప్పాలి కదా. చిక్కంతా అక్కడ వచ్చింది. ఆ చిక్కు ఈ శాస్త్రానికి పుట్టుకతో వచ్చినదే. దాన్ని గురించి వకుళకి చెప్పింది పేర్రాజు మాస్టారు. ఆయన పోయి చాలాకాలమైంది. బీరువాలో ఇత్తడి సామానంతా ఆయన సేకరించిందే. మనస్తత్వశాస్త్ర చరిత్ర అనే పేపరు చెప్పేవారు. సగం క్లాసు కునుకుతుంటే ఆయన మాత్రం తమ ఇంటి తగాదా చెబుతున్నంత ఉత్సాహంగా చెప్పుకుపోయేవారు.

“మన శాస్త్రం మొదట్లో జర్మనీలో ఏం చేసిందర్రా? మనిషిని కూచోబెట్టి, నీ లోపలేం జరుగుతోందో నువ్వే చూసుకుని చెప్పు అంది. ఒక్కొక్కడు ఒక్కోలా చెప్పాడు. అమెరికావాళ్ళకి విసుగొచ్చింది. లోపలిది మాకొద్దు, బయటికి కనబడేదే చాలని ఎలకల్ని పట్టుకు కూచున్నారు. తరవాత బుర్ర కంప్యూటరు లాంటిదన్నారు. ఇప్పుడు బుర్రకి ఫొటోలు తీస్తున్నారు. ఎన్ని మార్చినా మొదటి ఇబ్బంది అలాగే ఉంది. పక్కవాడి లోపలేముందో వాడు చెబితేగానీ తెలీదు. వాడేమో వాడి మాటల్లో చెబుతాడు. రాసుకునేవాడు తన మాటల్లో రాసుకుంటాడు. ఈ రెంటికీ మధ్యన ఏం జారిపోయిందో ఎవడు చూశాడు?”

వకుళ ఇదంతా పరీక్షలో రాసింది, మంచి మార్కులు తెచ్చుకుంది, మర్చిపోయింది.

నెమ్మదికి నేర్పడానికి ఊళ్ళో రకరకాల మనుషుల్ని పిలిపించి కూర్చోబెట్టారు. ఏదో ఒకటి గుర్తుతెచ్చుకోమని, ఏమనిపిస్తోందో చెప్పమన్నారు. ఆ మాటకీ మెదడులో కదలికకీ ముడివేసుకుంటూ పోయారు. మాటలు వెయ్యడానికి గడులు బయటినుంచి వచ్చాయి. అన్ని దేశాల్లోనూ ఒకే పద్ధతి ఉండాలని విదేశీ సంఘమొకటి తయారుచేసి పంపిన గడులు అవి. భయం, ఆందోళన, దుఃఖం, కోపం, సంతోషం, ప్రేమ, ఇలాంటివి. తెలుగువాళ్ళు వాటిలో బాగానే ఇమిడారు, ఒక్కచోట తప్ప. సముద్రం మీద చేపలవేటకెళ్ళిన మొగుడికోసం ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్ళు, కూతుర్ని కొత్తగా కాపరానికి పంపిన తల్లులు, అప్పుడే హాస్టల్లో చేరిన పిల్లలు, అందరూ ఒకటే మాటన్నారు. బెంగగా ఉందండీ అని.

సాల్మన్ తెర ముందునుంచి కేకేశాడు. “మేడమ్, ఈ బెంగ ఎందులో వెయ్యమంటారు?”

వకుళ అప్పటికే గుమ్మం దగ్గరుంది, చేతిలో టీ గ్లాసుతో. “ఆందోళనలో వెయ్యి.”

“దీని ఆకారం కొంచెం ప్రేమవైపు కూడా పోతోంది మేడమ్. విడిగా ఉంచుదామా?”

“మన ఒక్కళ్ళకోసం వాళ్ళు కొత్త గడి ఇస్తారా ఏంటి? వెయ్యవయ్యా బాబూ, టీ చల్లారిపోతోంది.”

అతను వేశాడు.

*

వకుళ ఒక్కగానొక్క కూతురు ఆమని. చుట్టాలందరూ ఆ పిల్లని బెంగమొహం అని ఏడిపించేవారు. తండ్రి భానోజీ రైలింజను నడుపుతాడు. విజయవాడ దాకా వెళ్ళి రావడం ఆయన డ్యూటీ. ఆయన బూట్లు వేసుకుంటుంటే ఆమని చిన్నప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడేది. ఆయన కావాలనే, “వెళ్తాను,” అనేవాడు.

“అలా అనకూడదు. సరిగ్గా చెప్పు.”

“సరే, వెళ్తున్నా.”

“నాన్నా.”

“సరే తల్లీ. వెళ్ళొస్తాను.”

అప్పుడుగానీ దారి ఇచ్చేది కాదు. అవతల్నుంచి ఆయన ఫోను చేసేదాకా ముద్ద ముట్టేది కాదు. కొంచెం పెద్దయ్యాక అడ్డం నిలబడడం మానేసింది గానీ, ఆ మాటకోసం చెవి మాత్రం గుమ్మం దగ్గరే పెట్టుకునేది.

అలాంటి పిల్లని పదో తరగతి కాగానే విజయవాడ దగ్గర హాస్టలున్న కాలేజీలో చేర్పించారు. పట్టుబట్టింది వకుళే. వానలు మొదలయ్యేసరికి వార్డెను ఫోను చేసింది.

“పాపకి జ్వరం దిగట్లేదండి. అన్నం సయించట్లేదు. డాక్టరుగారు అన్ని టెస్టులూ చేయించి, జబ్బేమీ లేదన్నారు. బెంగ పెట్టుకుందండి, అంతే.”

భానోజీ ఆ పూటే వెళ్ళి తీసుకొచ్చేశాడు. మంచం మీద ముడుచుకుని పడుకున్న పిల్ల నుదుటిమీద చెయ్యివేసి, “ఇంక పంపొద్దు వకుళా. ఈ ఊరేమైనా గొడ్డుపోయిందా, ఇక్కడ కాలేజీల్లేవా?” అన్నాడు.

“ఇప్పుడు మానిపిస్తే దేనికీ తట్టుకోలేని మనిషవుతుంది. రేపు ఉద్యోగమొస్తే ఏంటి? పెళ్ళయితే ఏంటి? ప్రతిదానికీ జ్వరం తెచ్చుకుంటుందా?”

“తెచ్చుకోనీ. మనమున్నాంగా.”

వకుళ ఒప్పుకోలేదు. పైకి చెప్పిన కారణం అదీ. లోపల ఇంకొకటుంది. దాన్ని ఆవిడ తరవాత ఎన్నోసార్లు తవ్వి చూసుకుని సిగ్గుపడింది. ఊళ్ళోవాళ్ళందరి మనసూ కుదుటపరుస్తున్న మనిషి ఇంట్లో, బెంగతో మంచంపట్టిన పిల్ల ఉండడం ఆవిడకి నామోషీగా ఉంది.

మర్నాడు లాబ్‌కి తీసుకెళ్ళింది.

“నొప్పెడుతుందా అమ్మా?” అంది ఆమని కుర్చీలో కూర్చుంటూ.

“అస్సలుండదు.”

“సరే అయితే,” అని టోపీ తనే సర్దుకుంది. చేయించుకుంటావా అని తల్లి అడగలేదు. అమ్మ చెప్పింది కాబట్టి పిల్ల ఎదురు చెప్పలేదు.

“ఇల్లు గుర్తుతెచ్చుకో. ఏం కనబడుతోంది?”

“నాన్న చొక్కా. తలుపు వెనకాల మేకుకి ఉంది. గ్రీజు వాసన వస్తోంది.” ఆమని కనుబొమలు ముడిపడ్డాయి. “నువ్వు వంటింట్లో పోపు వేస్తున్నావు. నేనక్కడ లేను.”

“ఏమనిపిస్తోంది?”

“బెంగగా ఉందమ్మా.”

తెర మీద ఆందోళన గడి వెలిగింది. సాల్మన్ మీట మీద వేలుంచి వకుళ వైపు చూశాడు. వకుళ తలూపింది.

కాసేపటికి పిల్ల కనుబొమలు విడివడ్డాయి. చేతులు ఒళ్ళోకి వాలాయి.

“ఇప్పుడెలా ఉంది?”

“చొక్కా గుర్తుంది. వాసన కూడా గుర్తుంది. కానీ లాగట్లేదు.”

“ఏది లాగట్లేదు?”

ఆమని కాసేపు వెతుక్కుంది. “ఏమో. ఇందాకా ఏదో లాగేది,” అంది.

ఆ సాయంత్రం జ్వరం దిగింది. అడిగి మరీ ఇడ్లీలు వేయించుకుని తింది. భానోజీ ఆనందం పట్టలేక ఆ టోపీకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. రెండోరోజున పిల్ల తన పెట్టె తనే సర్దుకుంది. వకుళ దాన్ని ధైర్యం అనుకుంది.

*

ఆమని మార్కులు ఒక్కసారిగా పైకి లేచేసరికి కాలేజీ డైరెక్టరు గోవర్ధనం కారు వేసుకుని వచ్చాడు. హాస్టలు పిల్లలందరికీ నెమ్మది కావాలన్నాడు. “మీకు తెలీదు మేడమ్, కొత్త బ్యాచ్ వచ్చిందంటే బాత్రూముల్లో ఒకటే ఏడుపు. కొంతమంది గోడ దూకి పారిపోతారు. వాళ్ళమ్మానాన్నలకి ఎంత క్షోభ,” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. వకుళ ఒప్పుకుంది, పిల్లల పెద్దవాళ్ళందర్నీ ఒప్పించింది. హాస్టలు గదుల్లో ఏడుపులు ఆగిపోయాయి. పేపర్లలో ఆవిడ ఫొటో పడింది.

టర్ము సెలవలకి ఆమని ఇంటికి వచ్చింది. కాస్త ఒళ్ళు చేసి, చక్కగా ఉంది. సోఫాలో ఒక చివర కూర్చుంది. వకుళ పళ్ళెం తెచ్చి చేతికిస్తే, “థాంక్స్ అమ్మా,” అంది.

తల్లికి థాంక్స్ చెప్పడమేమిటని వకుళ నవ్వబోయింది. పిల్ల ముఖంలో తమాషా ఏమీ కనబడకపోయేసరికి నవ్వు సగంలో ఆగింది. అన్నం తిని, పళ్ళెం కడిగి, ఎక్కడ బోర్లించాలని అడిగింది. ఆ ఇంట్లో పళ్ళేలు ఎక్కడ బోర్లిస్తారో ఆ పిల్లకి పుట్టినప్పటినుంచి తెలుసు. అడిగితే తెలుసనే అంది. ఊరికే మర్యాదకి అడిగిందట.

మర్నాడు భానోజీ డ్యూటీకి బయల్దేరాడు. బూట్లు వేసుకుని, గుమ్మంలో నిలబడి, ఎప్పటిలాగే కళ్ళలో కొంటెతనంతో, “వెళ్తాను,” అన్నాడు.

ఆమని పుస్తకంలోంచి తలెత్తి, “సరే నాన్నా,” అంది. మళ్ళీ తల దించుకుంది.

ఆయన కదల్లేదు. ఊడిపోయిందో లేదో, వంగి బూటు లేసు మళ్ళీ కట్టుకున్నాడు. ఇంకాసేపు నిలబడ్డాడు. తరవాత మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వకుళ వంటింట్లోంచి ఇదంతా చూసింది.

డ్యూటీనుంచి వచ్చాక ఆయన భార్యని అడిగాడు. “పాప ఏదీ?”

“గదిలో ఉందిగా.”

“ఆ పాప కాదు,” అని చొక్కా తీసి తలుపు వెనక మేకుకి తగిలించాడు.

వకుళ గదిలోకి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. “అక్కడ మేం గుర్తొస్తూ ఉంటామా అమ్మా?”

“ఎందుకు రారు? అన్నీ గుర్తున్నాయి.”

“బెంగ?”

ఆమని ఆలోచించింది. దాచడానికి కాదు, నిజం చెప్పాలని. “ఉండేది. ఇప్పుడు లేదు. మంచిదేగా? నువ్వే తీశావు కదా.”

*

వకుళ సాల్మన్‌ని సెలవరోజున పిలిపించింది. బెంగ అని చెప్పిన వాళ్ళందరి కదలికలూ ఆందోళన గడిలోంచి ఏరించి, విడిగా తెరమీద పెట్టించింది. ఏరడానికి చాలాసేపు పట్టింది. పూర్తయ్యాక ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఎవరికైనా తెలిసిపోయేంత స్పష్టంగా ఉంది. అందులో భయమూ ఉంది, ప్రేమా ఉంది. రెండూ పక్కపక్కన లేవు, జడలో పాయల్లా అల్లుకుని ఉన్నాయి.

“భయం తీశామనుకున్నాం. దాంతోపాటు రెండోది కూడా వచ్చేసింది మేడమ్,” అన్నాడు సాల్మన్. నేను ముందే అన్నాను కదా అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది వకుళకి. ఎవరైనా నాలుగు తిడితే కొంత బరువు దిగేది.

“తిరిగి పెట్టగలమా?”

“పోయింది పోయినట్టే. ఇంకొకరి బెంగ రికార్డు చేసి, పాప ఇల్లు గుర్తుతెచ్చుకునేటప్పుడు దాన్ని ఎక్కించొచ్చు. మీదైతే బాగా సరిపోవచ్చు. కానీ అది తియ్యడం కాదు మేడమ్. నాటడం.”

నాటడం అన్న మాట వకుళ వెంట క్లాసుదాకా వచ్చింది. ఆ వారం చరిత్ర పేపరులో తెల్ల ఎలుక పాఠం. వందేళ్ళ కిందట అమెరికాలో, ఏడాది నిండని పసివాడికి తెల్ల ఎలుకని చూపించి, వెనకాల ఇనపకమ్మీ మీద సుత్తితో గట్టిగా మోదారు. అలా కొన్నిసార్లు చేసేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుకని చూస్తే చాలు పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. భయాన్ని నేర్పవచ్చని రుజువైంది. ఆ నేర్పిన భయాన్ని తియ్యకముందే తల్లి వాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. ఇది ఏటా చెప్పే పాఠమే. వకుళ కంఠతా వచ్చినట్టు చెప్పుకుపోతోంది.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది. “వాళ్ళమ్మకి తెలుసా మేడమ్, వీళ్ళేం చేస్తున్నారో?”

“ఆవిడ అదే ఆసుపత్రిలో పనిచేసేదంటారు. ఆవిడకేం తెలుసో సరిగ్గా తెలీదు.”

“తెలిసుంటే ఎందుకు చెయ్యనిస్తుంది మేడమ్? తల్లి కదా.”

వకుళ చాక్‌పీసు బల్లమీద పెట్టేసింది. ఆ ప్రయోగంలో సుత్తి పట్టుకున్నవాళ్ళు వేరు, తల్లి వేరు. తన ఇంట్లో రెండు పనులూ ఒక్క మనిషే చేసింది. ఇవాళ్టికి చాలని చెప్పి బయటికి వచ్చి, వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లలు పక్కనుంచి వెళ్తూ మేడంకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

అక్కణ్ణుంచే గోవర్ధనానికి ఫోను చేసి, నెమ్మది ఆపించమంది.

“ఎందుకు మేడమ్? ఒక్క కంప్లయింట్ కూడా రాలేదు.”

“అదే భయంగా ఉంది నాకు.”

“పేరెంట్సంతా సంతోషంగా ఉన్నారు. నిన్న ఒకావిడ, మావాడు ఇంటికి రానంటున్నాడండీ, చదువుమీద అంత శ్రద్ధ కుదిరిందీ అని మురిసిపోయింది. కావాలంటే మాట్లాడండి.”

వకుళ మాట్లాడింది కూడా. ఆవిడతోనే కాదు, ఇంకా చాలామందితో. చేసిన పొరపాటు చెప్పి, క్షమించమంది. ఎవరికీ కోపం రాలేదు. మా పిల్ల బాగానే ఉందండి, మీరనవసరంగా మనసు కష్టపెట్టుకోకండి అని ఆవిడనే ఓదార్చారు. ఒక తండ్రి మాత్రం చివరిదాకా విన్నాడు. తరవాత, “అయితే అదా సంగతి,” అని ఫోను పెట్టేశాడు. ఆ ఒక్కమాటకే వకుళ ఆ పూట అన్నం ముట్టలేదు.

బెంగ గుర్తుల్నన్నింటినీ సాల్మన్ చేత యంత్రంలోంచి, హాస్టలుకిచ్చిన వాటిలోంచి కూడా, తీయించేసింది. ఇకమీదట ఎవరైనా టోపీ పెట్టుకుని ఇల్లు తలుచుకుంటే నెమ్మది గుర్తుపట్టదు, ఊరుకుంటుంది. కొద్దిరోజులకి గోవర్ధనం మండిపడుతూ ఫోను చేశాడు. “ఈ సెలవల్లోనే చేర్చుకున్న కొత్త బ్యాచ్ పిల్లలు మళ్ళీ ఏడుస్తున్నారు మేడమ్.”

“ఏడవనివ్వండి. వాళ్ళ ఇళ్ళకి కబురు పెట్టండి, వచ్చి చూసి వెళ్తారు.”

మిగిలింది ఆమని. సెలవలింకా ఉన్నాయి. మీట ఒక్కటి నొక్కితే చాలు.

“పెట్టెయ్ వకుళా, ఆలోచిస్తావేంటి? మన పిల్లే కదా,” అన్నాడు భానోజీ. అన్నవాడు ఆశతో అన్నాడు. ఆయన్నెలా తప్పుపడుతుంది?

“అప్పుడూ అదే అనుకున్నానండి. మన పిల్లే కదా అని. అందుకే అడగలేదు.”

“అయితే ఇప్పుడు అడుగు.”

అడిగింది. భోజనాల దగ్గర, ముగ్గురూ ఉండగా, ఏం పోయిందో, ఎలా పోయిందో, తిరిగి ఎలా పెట్టవచ్చో ఏమీ దాచకుండా చెప్పింది. పెడితే మళ్ళీ జ్వరాలు రావచ్చనీ, ఏడుపొస్తుందనీ, చదువు కుంటుపడవచ్చనీ కూడా చెప్పింది. ఆమని శ్రద్ధగా వింది.

“ఎందుకమ్మా అంత కష్టం? నాకిప్పుడు బాగానే ఉంది కదా.”

“మాకు బాగాలేదే తల్లీ,” అన్నాడు భానోజీ.

ఆమని తండ్రి ముఖం చూసి జాలిపడింది. పరాయివాళ్ళు ఏడుస్తున్నా మంచిపిల్లలు అలాగే జాలిపడతారు. “మీరు చేయించుకోమంటే చేయించుకుంటాను నాన్నా. నాకు మాత్రం అక్కర్లేదు.”

భానోజీ ఆశగా వకుళ వైపు చూశాడు. ఒప్పుకుంది కదా అన్నట్టు. వకుళకీ ఒక క్షణం అలాగే అనిపించింది. కానీ అప్పటి ఒప్పుకోలూ ఇలాంటిదే, అమ్మ చెప్పింది కాబట్టి. మొదటిసారి టోపీ సర్దుకున్నప్పుడూ ఈ పిల్ల ఇంతే నమ్మకంగా తలవంచింది.

“వద్దులే అమ్మా. అన్నం తిను,” అంది.

భానోజీ సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

*

ఆమని తిరిగి వెళ్ళే రోజున, ఆ రైలుకి డ్యూటీ భానోజీదే. ఆయన ముందే ఇంజను ఎక్కేశాడు. వకుళ పులిహోర డబ్బా ఇచ్చి కిటికీ దగ్గర నిలబడింది. రైలు కూత వేసింది.

“వెళ్తాను,” అంది ఆమని.

వకుళ కిటికీ కమ్మీ పట్టుకుంది. “అలా అనకూడదమ్మా.”

ఆమని, టీచరు తప్పు దిద్దినప్పుడు చూసినట్టు చూసింది. “అవును కదా. వెళ్ళొస్తాను.”

సరిగ్గానే అంది. అక్షరం పొల్లుపోలేదు. రైలు కదిలింది. వకుళ కమ్మీ వదిలింది.

భానోజీ తిరిగొచ్చాక అడక్కుండానే చెప్పాడు. “విజయవాడలో ఇంజను దిగి నిలబడ్డాను. చిన్నప్పుడు నేను స్టేషన్లో కనబడితే చాలు, చేతిలో ఉన్నది పడేసి పరిగెత్తుకొచ్చేది కదా. దూరంగా కనబడింది. నేనక్కడున్నానని తెలుసు, చెయ్యి కూడా ఊపింది. ఊపి, గేటువైపు వెళ్ళిపోయింది.” బూట్లు విప్పుతూ మళ్ళీ అన్నాడు. “ఆ టోపీ మనకి కూడా పెట్టమను సాల్మన్‌ని. ఇంక నావల్ల కాదు.”

“బెంగ గుర్తులు తీసేశామండీ. పనిచెయ్యదు.”

“మీరు తల్చుకుంటే పెట్టలేరా?”

పెట్టగలరు. అది వకుళకి తెలుసు. మర్నాడు లాబ్‌కి వెళ్ళి తిన్నగా ఆ కుర్చీలో కూర్చుంది. ఆమని కూర్చున్న కుర్చీ. టోపీ తనే సర్దుకుంది. సాల్మన్ అప్పుడే రెండు గ్లాసుల్లో టీ పోస్తున్నాడు.

“రికార్డు చెయ్యి,” అంది.

అతను గ్లాసులు బల్లమీద పెట్టి తెర ముందుకు వచ్చాడు. అడగాలో వద్దో తెలియక అడిగాడు. “ఏమనిపిస్తోంది మేడమ్?”

గేటువైపు నడిచి వెళ్తున్న పిల్ల కనబడింది వకుళకి. తను చూడనే లేదు, భానోజీ చెబితే విన్నది, అయినా కనబడింది. “బెంగగా ఉంది.”

తెర మీద పాయలు అల్లుకుంటూ లేచాయి. ఏ గడీ వెలగలేదు.

“ఎందులో వెయ్యమంటారు?”

“దేన్లోనూ వెయ్యకు. బెంగ అనే రాయి.”

సాల్మన్ రాశాడు. తరవాత, నెమ్మదిగా అడిగాడు. “మీట నొక్కమంటారా? ఈ ఒక్కసారికి ఆ గుర్తులు మళ్ళీ కలిపి, చల్లార్చగలను.”

“వద్దు. ఊరికే దాచి ఉంచు. ఎప్పుడైనా ఆమని వచ్చి కావాలని అడిగితే ఇద్దాం.”

“అడుగుతుందా మేడమ్?”

వకుళ తెర మీద పాయలవైపు చూసింది. “అడగదు సాల్మన్. అడగాలంటే బెంగుండాలి కదా,” అంది.

టోపీ తియ్యలేదు. సాల్మన్ కూడా తియ్యమనలేదు. బల్లమీద రెండు గ్లాసుల్లోనూ టీ చల్లారిపోయింది.